వీపీఎన్ కనెక్ట్ అవుతుంది, ఆఫీసు పేజీలు మాత్రం తెరుచుకోవు: లోపం ఎక్కడుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రాజమండ్రిలో ఇంటి నుంచి పని చేస్తున్నారు. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్, విండోస్ 11. కేబుల్ ఆపరేటర్ దగ్గర కొత్త ఫైబర్ కనెక్షన్ తీసుకున్నప్పటి నుంచి తంటా మొదలైంది. వీపీఎన్‌కి (ఇంటి నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే రహస్య దారి) ఓటీపీ వస్తుంది, లాగిన్ అవుతుంది, "కనెక్టెడ్" అని పచ్చగా చూపిస్తుంది. కానీ ఆఫీసు పోర్టల్ తిరుగుతూనే ఉంటుంది, షేర్డ్ ఫోల్డర్ తెరవబోతే హ్యాంగ్ అవుతుంది, రిమోట్ డెస్క్‌టాప్ నల్ల తెర దగ్గర ఆగిపోతుంది. టీమ్స్ కాల్స్‌కి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ పెడితే అన్నీ పని చేస్తాయి. ఐటీ వాళ్లు "మీ నెట్ బాలేదు" అంటున్నారు, నెట్ అబ్బాయి స్పీడ్ టెస్ట్ చూపించి "లైను వంద వస్తోంది మేడమ్" అంటున్నాడు. మధ్యలో మీరు వీపీఎన్ తీసేసి మళ్లీ వేశారు, రూటర్ రీసెట్ చేశారు, ఏమీ మారలేదు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీ వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పాడవలేదు, దాన్ని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. మీరు చెప్పిన లక్షణాలు ఎంటీయూ సమస్యవి. నెట్‌లో డేటా ప్యాకెట్లనే ముక్కలుగా వెళుతుంది, ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చనే పరిమితే ఎంటీయూ. అంటే చిన్న ప్యాకెట్లు దాటిపోతున్నాయి, పెద్దవి దారిలో ఎక్కడో మాయమవుతున్నాయి. లాగిన్‌కి చిన్న ప్యాకెట్లు చాలు, పేజీ రావడానికి పెద్దవి కావాలి. అందుకే కనెక్ట్ అయినట్టే ఉంటుంది, పని మాత్రం జరగదు. అది కాదని తేలితే నా రెండో అనుమానం మీ ఇంటి రూటర్ అడ్రసు మీద. రెండింటినీ మీరే ఇంట్లో పరీక్షించుకోవచ్చు, అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు.

ఇంటి నుంచి పని చేసేవాళ్లకి నెట్‌వర్క్ సపోర్ట్ ఇవ్వడమే చాలా ఏళ్లుగా నా ఉద్యోగం. వీపీఎన్ ఫిర్యాదు ఏదొచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే: ఎక్కడ ఆగింది? అసలు సర్వర్ దాకా వెళ్లలేకపోయిందా, సర్వర్ దాకా వెళ్లాక అది రానివ్వలేదా, లోపలికి వెళ్లాక పని జరగడం లేదా? ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు. మొదటి దానికి వేసే మందు మూడో దానికి వేస్తే రోజంతా పోతుంది తప్ప ఫలితం ఉండదు. మీది మూడో రకం.

టీమ్స్ బాగా పని చేస్తోందన్న మాట కూడా పనికొచ్చే ఆధారమే. చాలా కంపెనీలు టీమ్స్ లాంటి వాటిని వీపీఎన్‌లోంచి కాకుండా నేరుగా మీ ఇంటి నెట్ మీదే పంపిస్తాయి. దీన్ని స్ప్లిట్ టన్నెల్ అంటారు. కాబట్టి టీమ్స్ బాగుంటే మీ ఇంటి నెట్ బాగుందని అర్థం, వీపీఎన్ బాగుందని కాదు. స్పీడ్ టెస్ట్ సంగతీ అంతే, అది కూడా చాలాసార్లు వీపీఎన్ బయటి నుంచే వెళుతుంది.

ఇక ఎంటీయూ విషయం. ఇంటర్నెట్‌లో మామూలుగా ఒక ప్యాకెట్ పెద్ద సైజు 1500 బైట్లు. వీపీఎన్ చేసే పని మీ ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో పెట్టి పంపడం. ఉత్తరం ఉన్న కవరుని ఇంకో కవరులో పెడితే పోస్టు డబ్బా సందులో పట్టనట్టు, లోపలి ప్యాకెట్ పూర్తి సైజులో ఉంటే బయటిది 1500 దాటిపోతుంది. వీపీఎన్ తయారుచేసినవాళ్లకి ఇది తెలుసు కాబట్టి లోపలి సైజు ముందే తగ్గించి పెడతారు. ఉదాహరణకి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మామూలుగా 1420 తీసుకుంటుంది. ఈ లెక్కంతా బయటి దారి 1500 ఉంటుందన్న నమ్మకం మీద నడుస్తుంది. మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లకి రూటర్‌లో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొడతారు కదా, అది పీపీపీఓఈ. దానికే 8 బైట్లు పోతాయి, మిగిలేది 1492. ఆపరేటర్ వైపు పైన ఇంకో పొర ఏదైనా ఉంటే ఇంకా తగ్గుతుంది. మీ పాత కనెక్షన్‌లో పట్టిన ప్యాకెట్ ఇక్కడ పట్టకపోవడానికి ఇదొక్కటి చాలు.

నిజానికి పట్టని ప్యాకెట్ వచ్చినప్పుడు దారిలో ఉన్న రూటర్ "ఇది పెద్దది, తగ్గించి పంపు" అని వెనక్కి కబురు పెట్టాలి. ఈ పద్ధతి 1990 నుంచీ ఉంది. కానీ ఆ కబురు ఐసీఎంపీ (నెట్‌వర్క్ పరికరాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే పద్ధతి) రూపంలో వస్తుంది. భద్రత పేరుతో ఐసీఎంపీ మొత్తాన్ని ఆపేసే ఫైర్‌వాల్స్ ఎన్నో ఉన్నాయి. ఇక మీ ల్యాప్‌టాప్‌కి కబురు అందదు, అది అదే సైజులో పంపుతూనే ఉంటుంది, అవతల పారేస్తూనే ఉంటారు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాకపోవడమే దీని అసలు గుర్తు.

పరీక్ష ఇలా చేయండి. వీపీఎన్ డిస్‌కనెక్ట్ చేసి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పింగ్ అంటే ఒక అడ్రసుకి పరీక్ష ప్యాకెట్ పంపి జవాబు వస్తుందో లేదో చూసే కమాండ్. దానికి 1.1.1.1 (బయటి ఇంటర్నెట్‌లోని ఒక సర్వర్) అడ్రసు ఇచ్చి, ఒక స్పేస్, హైఫన్ ఎఫ్, మళ్లీ స్పేస్, హైఫన్ ఎల్, స్పేస్, 1472 అని కొట్టండి. అక్షరాలన్నీ ఇంగ్లిష్‌లో, చిన్నవి. ఎఫ్ అంటే ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దని, ఎల్ అంటే సైజు. 1472కి హెడర్ల 28 కలిపితే 1500. రిప్లై వస్తే మీ దారి పూర్తి సైజుది. పీపీపీఓఈ ఉంటే 1472 పోదు, 1464 పోతుంది. అదీ పోకపోతే పదేసి తగ్గిస్తూ రండి, రిప్లై వచ్చిన పెద్ద సంఖ్య కాగితం మీద రాసుకోండి.

ఫెయిల్ అయినప్పుడు ఏ మాట వచ్చిందో కూడా రాసుకోండి. "ముక్కలు చేయాలి, కానీ డీఎఫ్ (ముక్కలు చేయొద్దనే గుర్తు) పెట్టి ఉంది" అనే అర్థం వచ్చే వాక్యం కనిపిస్తే కబురు అందుతోందన్నమాట, మంచిదే. అది రాకుండా ఉత్త "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" వస్తే ఎవరో నోరెత్తకుండా పారేస్తున్నారు.

ఇప్పుడు వీపీఎన్ కనెక్ట్ చేసి, మామూలు పింగ్‌కి జవాబిచ్చే ఆఫీసు సర్వర్ ఏదైనా చూసుకుని దాని మీద ఇదే పరీక్ష చేయండి. 1400 దగ్గర మొదలుపెట్టండి. మొదట్లో డీఎఫ్ వాక్యం వెంటనే వస్తే కంగారు పడొద్దు, అది మీ ల్యాప్‌టాపే చెబుతున్న మాట, వీపీఎన్ అడాప్టర్ సైజు దాటారని. తగ్గిస్తూ రండి. డీఎఫ్ వాక్యం ఆగిపోయాక వెంటనే రిప్లైలు మొదలైతే ఎంటీయూ బాగుంది. డీఎఫ్ వాక్యానికీ రిప్లైకీ మధ్య టైమ్డ్ అవుట్ వచ్చే సైజులు కొన్ని ఉంటే, మీ సమస్య దొరికినట్టే. ఉదాహరణకి 1372 దగ్గర టైమ్డ్ అవుట్ మొదలై, 1330కి దిగాక రిప్లై వచ్చిందనుకోండి, ఆ మధ్య సైజు ప్యాకెట్లన్నీ గాలిలో కలిసిపోతున్నాయి. హాట్‌స్పాట్ మీద కూడా ఒకసారి చేసి రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టుకోండి.

దొరికాక ఏం చేయాలి? కంపెనీ ల్యాప్‌టాప్ కాబట్టి మార్చాల్సింది ఐటీ వాళ్లు. వాళ్ల చేతిలో రెండు దారులున్నాయి. ఒకటి, వీపీఎన్ ప్రొఫైల్‌లో టన్నెల్ ఎంటీయూ 1300 దాకా తగ్గించడం. ఇది సరైన పరిష్కారం, స్పీడ్ మీద కూడా చెప్పుకోదగ్గ ప్రభావం ఉండదు. రెండోది, వీపీఎన్‌ని యూడీపీ బదులు టీసీపీ 443 మీద నడపడం (యూడీపీ, టీసీపీ డేటా పంపే రెండు పద్ధతులు, 443 పోర్టు నంబరు). కొన్ని వీపీఎన్ యాప్‌లలో ఇది మీకే సెట్టింగ్స్‌లో కనిపిస్తుంది, ఐపీసెక్ బదులు ఎస్‌ఎస్‌ఎల్ అనో, ప్రోటోకాల్ అనో ఉంటుంది. టీసీపీ మొదట్లోనే అవతలి వైపుతో సైజు మాట్లాడుకుంటుంది కాబట్టి ఈ గొడవ తక్కువ. కాకపోతే నెమ్మదిగా ఉంటుంది, లైను కొంచెం అటూ ఇటూ అయినా ఎక్కువ సాగదీస్తుంది. ఇవాళ డెడ్‌లైన్ ఉంటే టీసీపీ మీద పని కానిచ్చుకోండి, కానీ అక్కడే ఆగిపోకుండా ఎంటీయూ మార్పించుకోండి.

సొంత కంప్యూటర్ మీద సొంత వీపీఎన్ వాడేవాళ్లయితే వైర్‌గార్డ్ కాన్ఫిగ్‌లో ఇంటర్‌ఫేస్ భాగం కింద ఎంటీయూ లైను ఒకటి చేర్చుకోవచ్చు. 1280 కంటే కిందికి వెళ్లకండి, ఐపీవీ6కి (ఇంటర్నెట్ అడ్రసుల కొత్త పద్ధతి, పాతది ఐపీవీ4) కావాల్సిన కనీస సైజు అది. ఓపెన్‌వీపీఎన్‌లో ఎంఎస్‌ఎస్‌ఫిక్స్ లైను ఈ పనే చేస్తుంది. వైర్‌గార్డ్ వాడేవాళ్లకి ఇంకో మాట: యాప్‌లో "యాక్టివ్" అని ఉన్నంత మాత్రాన సర్వర్‌ని చేరినట్టు కాదు. సర్వర్ ఆపేసి ఉన్నా అది యాక్టివ్ అనే చూపిస్తుంది. కింద "లేటెస్ట్ హ్యాండ్‌షేక్" అనే లైను ఉందా, అందులో టైము కొత్తగా మారుతోందా అనేదే చూడాలి.

ఎంటీయూ పరీక్ష పాసైతే రెండో అనుమానానికి వద్దాం. మీ ఇంటి రూటర్ 192.168.1.1 అయి, ఆఫీసులో కూడా 192.168.1 తో మొదలయ్యే సర్వర్లు ఉంటే, మీ ల్యాప్‌టాప్ వాటిని మీ ఇంట్లోనే వెతుక్కుంటుంది. వీపీఎన్‌లోకి పంపనే పంపదు. దీని గుర్తు వేరు: ఆ రేంజిలో ఉన్న సర్వర్లు అసలు తెరుచుకోవు, మిగతావి శుభ్రంగా తెరుచుకుంటాయి. పింగ్ చేస్తే "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని వస్తుంది, ఆ జవాబు మీ సొంత ల్యాప్‌టాప్ అడ్రసు నుంచే వస్తుంది. అది చూస్తే ఇంకేమీ వెతకక్కర్లేదు.

హాట్‌స్పాట్‌లో పని చేసినంత మాత్రాన తప్పు నెట్ ఆపరేటర్‌దే అనుకోవద్దని నేను చెప్పేది ఇందుకే. హాట్‌స్పాట్ ఇచ్చే అడ్రసులు వేరు. ఐఫోన్ 172.20.10 తో మొదలయ్యేవి ఇస్తుంది, పాత ఆండ్రాయిడ్ ఫోన్లు 192.168.43 ఇచ్చేవి. అడ్రసుల గొడవ ఉన్నా హాట్‌స్పాట్ మీద అది దానంతటదే పోతుంది. నెల్లూరులో ఒకావిడ కేసు ఇదే. ఆపరేటర్ మీద కోపంతో కనెక్షన్ మార్చేశారు, కొత్తవాళ్ల రూటర్ కూడా 192.168.1.1 కావడంతో కథ మళ్లీ మొదటికొచ్చింది. చివరికి రూటర్ లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగ్స్‌లో అడ్రసు 192.168.77.1 చేయించాను, అంతే. మీరూ అలా మారుస్తే ఇంట్లో సీసీ కెమెరా, ప్రింటర్ ఫిక్స్‌డ్ అడ్రసు మీద ఉన్నాయేమో ముందు చూసుకోండి, అవి తప్పిపోతాయి. జియో ఫైబర్ రూటర్లు మామూలుగా 192.168.29.1 మీద వస్తాయి, ఆఫీసులు ఆ సంఖ్య వాడటం తక్కువ కాబట్టి వాటిలో ఈ గొడవ నాకు పెద్దగా తగల్లేదు.

మూడోది డీఎన్ఎస్, అంటే సర్వర్ పేరు చెబితే దాని ఐపీ నంబరు చెప్పే వ్యవస్థ. సర్వర్ పేరు కొడితే రాదు, ఐపీ నంబరు కొడితే వస్తుంది అంటే అది డీఎన్ఎస్సే. ఇంటి కంప్యూటర్లలో దీనికి తరచుగా కనిపించే కారణం బ్రౌజర్‌లోని "సెక్యూర్ డీఎన్ఎస్". అది ఆన్‌లో ఉంటే బ్రౌజర్ ఆఫీసు డీఎన్ఎస్‌ని అడగకుండా బయట ఎవరినో అడుగుతుంది, ఆఫీసు లోపలి పేర్లు బయటివాళ్లకి తెలియవు కదా. ఆఫ్ చేసి చూడండి. ఇంకో కారణం, ఇంటి నెట్ ఐపీవీ6 కూడా ఇస్తూ వీపీఎన్ ఐపీవీ4ని మాత్రమే పట్టించుకోవడం. అప్పుడు పేర్ల ప్రశ్నలు ఐపీవీ6 దారిలో మీ ఇంటి రూటర్‌కే వెళ్లిపోతుంటాయి. ఇది కూడా ఐటీ వాళ్లకి చెప్పాల్సిందే, మీరే ఐపీవీ6 పీకేయకండి.

మీ ప్రశ్న కింద ఇంకొందరు "మాకు పది నిమిషాలకోసారి తెగిపోతోంది" అని రాశారు. అది పూర్తిగా వేరే సంగతి. ముందు వైఫై సంగతి తేల్చాలి. రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు తెరిచి, ఒకదాంట్లో మీ రూటర్‌కి, ఇంకోదాంట్లో 1.1.1.1కి హైఫన్ టీ పెట్టి ఆగకుండా పింగ్ నడపండి. వీపీఎన్ తెగిన క్షణంలో రెండూ చూడండి. రూటర్ పింగ్ కూడా ఆగితే తప్పు మీ ఇంటి గోడల మధ్యే ఉంది, వైఫై బదులు కేబుల్ పెట్టండి. రూటర్‌కి రిప్లై వస్తూ బయటిది ఆగితే ఆపరేటర్ లైను. రెండూ నడుస్తూ వీపీఎన్ ఒక్కటే తెగితే వీపీఎన్ వైపు చూడాలి. రెండు కిటికీలూ కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, దానితో వాదన సగం తీరిపోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో రూటర్ రీస్టార్ట్ అవుతోందేమో కూడా గమనించండి. మన ఊళ్లలో ఇది చాలా ఎక్కువ, లైట్లు ఆరవు కాబట్టి ఎవరూ గమనించరు. రూటర్‌కి, ఫైబర్ బాక్సుకి చిన్న మినీ యూపీఎస్ పెడితే పోతుంది.

కాసేపు పని ఆపి కాఫీ తాగి వచ్చేసరికి తెగిపోతుంటే సీజీనాట్ అయి ఉండొచ్చు. రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రూటర్‌కి బయటి వైపు ఉన్న అడ్రసు) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీకు సొంత పబ్లిక్ ఐపీ లేదు, ఒకే ఐపీని చాలామందికి పంచారు. ఆ పంపకం చేసే పెట్టె వాడకంలో లేని కనెక్షన్లని కొద్దిసేపటికే మర్చిపోతుంది. దీనికి కీప్‌అలైవ్ (కనెక్షన్ వాడకంలో ఉందని గుర్తుచేస్తూ పంపే చిన్న ప్యాకెట్) పెడతారు, వైర్‌గార్డ్‌లో మామూలుగా 25 సెకన్లు ఇస్తారు. కంపెనీ వీపీఎన్‌లో ఐటీ వాళ్లు పెట్టాలి. అమెరికా నుంచి అమ్మానాన్నల ఇంట్లో సొంత వీపీఎన్ సర్వర్ పెట్టుకుని కనెక్ట్ అవ్వాలనుకునేవాళ్లకి మాత్రం సీజీనాట్ గట్టి అడ్డమే. ఆపరేటర్‌ని స్టాటిక్ ఐపీ అడగండి, లేదా ఐపీవీ6 ఉందేమో చూడండి.

అసలు కనెక్టే కానివాళ్లకి, విండోస్ చూపించే నంబరు పట్టించుకోండి. 809 వస్తే సర్వర్ దాకా వెళ్లలేకపోయారు. ఎల్‌2టీపీ అనే రకం వీపీఎన్ అయితే యూడీపీ 500, 4500 పోర్టులు దారిలో మూసి ఉండొచ్చు, లేదా సర్వర్ కూడా ఒక రూటర్ వెనక ఉండొచ్చు. రెండో దానికి మైక్రోసాఫ్ట్ చెప్పిన రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) మార్పు ఒకటుంది, పాలసీ ఏజెంట్ కింద విలువ 2 చేయాలి. చిన్న ఆడిటర్ ఆఫీసుల్లో ఇది చాలాసార్లు పనికొచ్చింది. 691 వస్తే సర్వర్ దాకా వెళ్లారు, అది ఒప్పుకోలేదు. పాస్‌వర్డ్ గడువు తీరిందేమో చూడండి. సర్టిఫికెట్ తప్పు అని వస్తే ముందు కంప్యూటర్ గడియారం చూడండి. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతే, సర్వర్ సర్టిఫికెట్ ఇంకా మొదలే కానట్టు కనిపిస్తుంది.

నిన్నటి దాకా పని చేసి రాత్రి అప్‌డేట్ తర్వాత ఆగిపోతే, అప్‌డేట్‌ని అనుమానించడం తప్పు కాదు. 2022 జనవరి విండోస్ అప్‌డేట్ ఎల్‌2టీపీ వీపీఎన్‌లని దెబ్బతీసింది, మైక్రోసాఫ్ట్ అదే నెలలో విడిగా సవరణ ఇచ్చింది. 2024 ఏప్రిల్ అప్‌డేట్‌తోనూ వీపీఎన్ కనెక్షన్లు దెబ్బతిన్నాయి, మే అప్‌డేట్‌లో సరిచేశారు. కానీ మీ కేసు అది కాదు. హాట్‌స్పాట్ మీద అదే ల్యాప్‌టాప్ పని చేస్తోంది కదా.

ఈ కంగారులో కొందరు చేసే రెండు పనులు మాత్రం దయచేసి చేయకండి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయడం ఒకటి. కంపెనీ వీపీఎన్ పని చేయడం లేదని దాని మీద ఇంకో ఉచిత వీపీఎన్ వేసుకోవడం రెండోది. రెండు వీపీఎన్‌లు దారుల కోసం కొట్టుకుంటాయి, ఆ గొడవ విప్పడం అసలు సమస్య కంటే కష్టం. పైగా కంపెనీ నియమాల ప్రకారం ఉద్యోగానికే ముప్పు రావచ్చు.

మీ ఐటీ టీమ్‌కి "వీపీఎన్ పని చేయడం లేదు" అని కాకుండా ఇలా రాయండి: "ఇంటి బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ. వీపీఎన్ లేకుండా డీఎఫ్‌తో పెద్ద పింగ్ సైజు ఇంత. వీపీఎన్‌లో ఫలానా సర్వర్‌కి ఇంత సైజు దాకా రిప్లై వస్తోంది, దాని పైన టైమ్డ్ అవుట్, ఐసీఎంపీ జవాబు లేదు. హాట్‌స్పాట్‌లో ఈ తేడా లేదు. టన్నెల్ ఎంటీయూ తగ్గించి చూడగలరా?" ఈ మెయిల్ అందుకున్న నెట్‌వర్క్ ఇంజినీరు "మీ నెట్ బాలేదు" అని టికెట్ మూసేయలేడు, ఎందుకంటే ఏం మార్చాలో అందులోనే ఉంది. ఆపరేటర్‌కి కూడా ఇవే సంఖ్యలు చూపించి, వాళ్ల వైపు ఎంటీయూ ఎంత పెట్టారో అడగండి. స్పీడ్ ప్రస్తావన తేకండి, తెస్తే మళ్లీ స్పీడ్ టెస్ట్ దగ్గరికే వెళతారు.

పరీక్ష చేశాక రెండు పింగ్ సంఖ్యలు, ఫెయిల్ అయినప్పుడు వచ్చిన వాక్యం, మీ రూటర్ లాన్ అడ్రసు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. మీ పబ్లిక్ ఐపీ, కంపెనీ సర్వర్ పేర్లు మాత్రం చెరిపేసి పెట్టండి.